పాత లారీలలో ఆల్టర్నేటర్ మరియు వైరింగ్ మార్పిడి

ఆల్టర్నేటర్ మార్పిడి అనగా, డైనమో అమర్చబడిన పాతకాలపు లారీలో ఆ డైనమోను తొలగించి దాని స్థానంలో ఆల్టర్నేటరును బిగించి, పెరిగిన విద్యుత్ ప్రవాహానికి తగినట్లుగా తీగలను, ఫ్యూజులను, రిలేలను కొత్తగా వేయటం. ఈ రెండు పనులూ కలిపి చేయవలసినవి. ఆల్టర్నేటరును మాత్రమే మార్చి పాత తీగలను అలాగే ఉంచినచో తీగలు వేడెక్కి వాహనం అగ్నిప్రమాదానికి గురయ్యే అవకాశం ఉన్నది.

నేపథ్యం

భారతదేశంలో టాటా సంస్థ జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో 1954లో జంషెడ్‌పూర్‌లో లారీల తయారీని ప్రారంభించింది. ఈ ఒప్పందం 1969లో ముగిసింది. మద్రాసులో అశోక్ లేలాండ్ లారీలు తయారయ్యేవి. ఆ కాలపు లారీలలో విద్యుత్ ఉత్పత్తికి ప్రధానంగా డైనమోలనే వాడేవారు. సిలికాన్ డయోడ్లు చౌకగా లభించిన తరువాతనే వాహనాలలో ఆల్టర్నేటర్ వాడకం విస్తృతమైనది. అమెరికాలో క్రైస్లర్ సంస్థ 1960లో తన వేలియంట్ కారులో దీనిని ప్రవేశపెట్టింది. భారతదేశంలో 1961లో స్థాపించబడిన లూకాస్-టీవీఎస్ వంటి సంస్థలు ఈ పరికరాలను తయారుచేస్తున్నాయి.

కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతంలో

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు (2016లో ఇవి పలు జిల్లాలుగా విభజించబడినాయి) లారీ రవాణాకు పేరుపొందినవి. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతాల సింగరేణి బొగ్గు, బసంత్‌నగర్, దేవాపూర్, మంచిర్యాలల సిమెంటు, కాగజ్‌నగర్ కాగితపు మిల్లుకు వెదురు, కరీంనగర్ గ్రానైటు లారీలపై తరలించబడినాయి. ఇక్కడి వేసవి వేడిమి బ్యాటరీలోని నీటిని త్వరగా ఇగిర్చివేస్తుంది. బొగ్గు, సిమెంటు దుమ్ము యంత్రానికి గాలి ఆడే రంధ్రాలను మూసివేస్తుంది.

రాత్రివేళ నిర్మల్, ఆదిలాబాదుల మధ్యనున్న మహబూబ్ ఘాట్ వంటి మలుపుల దారిలో హెడ్‌లైట్ల వెలుగు ప్రాణరక్షణకు సంబంధించిన విషయం. వెనుక దీపం వెలగకుండా దారిలో ఆగిన లారీని వెనుక వచ్చేవారు చివరి క్షణం వరకు గుర్తించలేరు. పాత డీజిల్ ఇంజన్ ఒకసారి స్టార్టయిన పిదప విద్యుత్తు లేకపోయినా నడుస్తుంది. అందువలన ఛార్జింగ్ లోపాన్ని చాలాకాలం ఎవరూ పట్టించుకోకపోవటం జరుగుతుంది.

డైనమోకు, ఆల్టర్నేటరుకు తేడా

డైనమోలో విద్యుత్తు తిరిగే ఆర్మేచరులో పుట్టి, కమ్యుటేటరు, కార్బన్ బ్రష్‌ల ద్వారా బయటకు వస్తుంది. మొత్తం ప్రవాహం బ్రష్‌ల గుండా పోవటం వలన అవి త్వరగా అరుగుతాయి. ఇంజన్ నెమ్మదిగా తిరుగునపుడు ఉత్పత్తి దాదాపు శూన్యం. 12 వోల్టుల డైనమో సాధారణంగా 20 నుండి 25 ఆంపియర్లు మాత్రమే ఇవ్వగలదు.

ఆల్టర్నేటరులో తిరిగేది అయస్కాంత క్షేత్రం. విద్యుత్తు కదలని స్టేటరు చుట్టలలో మూడు ఫేజులుగా పుడుతుంది. ఆరు డయోడ్లు దానిని ఏకముఖ విద్యుత్తుగా మారుస్తాయి. బ్రష్‌ల గుండా క్షేత్రానికి కావలసిన కొద్ది ప్రవాహమే పోతుంది. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పటికీ బ్యాటరీ ఛార్జి అవుతుంది. డైనమోకు వాడే కటౌట్ పెట్టె దీనికి పనికిరాదు. తగిన రెగ్యులేటరు ఉండవలెను.

తీగల మందం

రాగి తీగ పొడవు పెరిగిన కొద్దీ, మందం తగ్గిన కొద్దీ వోల్టేజి నష్టం పెరుగుతుంది. ఉదాహరణకు 55 వాట్ల హెడ్‌లైట్లు రెండు 12 వోల్టుల వద్ద 9 ఆంపియర్లకు పైగా తీసుకుంటాయి. 6 మీటర్ల పొడవు, 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో ఆ ప్రవాహం వలన సుమారు 0.6 వోల్టు నష్టమవుతుంది. స్విచ్చి, కీళ్ళు, తుప్పుపట్టిన బాడీ ఎర్త్ వద్ద నష్టం దీనికి అదనం. మొత్తం నష్టం 10 శాతానికి చేరినచో బల్బు వెలుగు సుమారు 30 శాతం తగ్గుతుంది. అందుచేత హెడ్‌లైట్లకు రిలే అమర్చి, బ్యాటరీ నుండి 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయటం మంచిది. అప్పుడు డాష్‌బోర్డు స్విచ్చిపై భారం పడదు.

అదేవిధంగా ఆల్టర్నేటరు నుండి బ్యాటరీకి పోయే 3 మీటర్ల తీగ 4 చదరపు మిల్లీమీటర్లదైనచో, 60 ఆంపియర్ల వద్ద సుమారు 0.8 వోల్టు నష్టపోయి 47 వాట్ల వేడి పుడుతుంది. 16 చదరపు మిల్లీమీటర్ల తీగలో నష్టం 0.2 వోల్టు మాత్రమే. 30 ఆంపియర్ల పాత అమ్మీటరు గుండా ఈ ప్రవాహాన్ని పంపరాదు. దాని బదులు వోల్టుమీటరు అమర్చవలెను.

పాటించవలసిన జాగ్రత్తలు

1. లారీ 12 వోల్టులదా, 24 వోల్టులదా అన్నది ముందుగా నిర్ధారించుకొనవలెను.

2. కొన్ని పాత వాహనాలలో బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిపి ఉంటుంది. దానిని మార్చకుండా నెగటివ్ ఎర్త్ ఆల్టర్నేటరును కలిపినచో డయోడ్లు వెంటనే కాలిపోతాయి.

3. డైనమో పుల్లీ, ఆల్టర్నేటరు పుల్లీ ఒకే పరిమాణంలో ఉండవు. డీజిల్ ఇంజను తక్కువ వేగంతో తిరుగుతుంది కనుక ఆల్టర్నేటరుకు చిన్న పుల్లీ కావలెను. బెల్టు వంకర లేకుండా నడవవలెను.

4. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీగను విప్పి ఛార్జింగ్ పరీక్షించటం ఆల్టర్నేటరుకు హానికరం.

5. బాడీకి వెల్డింగు చేయించునపుడు బ్యాటరీ తీగలను, ఆల్టర్నేటరు తీగలను విప్పివేయవలెను.

6. ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టరాదు. ఫ్యూజు కాలకపోతే తీగే కాలుతుంది.

7. 24 వోల్టుల లారీలో టేప్‌రికార్డరు కొరకు ఒక్క బ్యాటరీ నుండి 12 వోల్టులు తీసుకున్నచో రెండు బ్యాటరీల ఛార్జి అసమానమై రెండూ త్వరగా చెడిపోతాయి.

8. డాష్‌బోర్డులోని ఛార్జింగ్ దీపం అనేక ఆల్టర్నేటర్లలో క్షేత్రానికి తొలి ప్రవాహాన్ని అందిస్తుంది. ఆ బల్బు మాడిపోతే ఛార్జింగే మొదలుకాకపోవచ్చును.

పరీక్ష

పని ముగిసిన పిదప ఇంజన్ ఓ మోస్తరు వేగంతో నడుస్తుండగా బ్యాటరీ కొసల వద్ద వోల్టేజి చూడవలెను. 12 వోల్టుల వాహనంలో 13.8 నుండి 14.4 వరకు, 24 వోల్టుల వాహనంలో 27.6 నుండి 28.8 వరకు ఉండవలెను. తరువాత అన్ని దీపాలు వేసి మరల చూడవలెను. వోల్టేజి బాగా పడిపోయినచో బెల్టు జారుచున్నదో, తీగలో లేదా ఎర్త్‌లో నష్టం ఉన్నదో వెదకవలెను. వోల్టేజి పై హద్దును మించినచో రెగ్యులేటరు చెడినట్లు. అప్పుడు బ్యాటరీ నీరు మరుగుతుంది, బల్బులు మాడిపోతాయి.