యూరిక్ ఆమ్లం – మద్యపానం

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో ఎవరికైనా కాలి బొటనవ్రేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్వలేని నొప్పి పుడితే, "చాటుగా త్రాగుతాడేమో" అని గుసగుసలాడేవారు లేకపోలేదు. ఇది అన్యాయం. యూనానీ వైద్యులు నిఖ్రిస్ అనీ, ఆయుర్వేదులు వాతరక్తమనీ పిలిచిన ఈ వ్యాధి చుక్క ముట్టని వారికీ వస్తుంది. వంశం, మూత్రపిండాల బలహీనత, కార్జం, ఎండు మెత్తళ్ళు వంటి ఆహారం కూడా కారణాలే.

అయితే మద్యానికి ఇందులో పాత్ర లేదనుకోవడమూ పొరపాటే. రక్తంలో యూరిక్ ఆమ్లం డెసీలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే కీళ్ళలో స్ఫటికాలుగా పేరుకోవచ్చు. మద్యం కాలేయంలో దాని ఉత్పత్తిని పెంచుతుంది. అప్పుడు పుట్టే లాక్టిక్ ఆమ్లం మూత్రపిండాలు దానిని బయటకు పంపకుండా అడ్డుపడుతుంది. రాబడి పెరిగి, పోక తగ్గుతుందన్నమాట.

"బీరు త్రాగితే మూత్రం జారీ అయి అంతా కడిగివేస్తుంది" అని సలహా ఇచ్చే మిత్రులున్నారు. నిజం దీనికి విరుద్ధం. అమెరికాలో 47,150 మంది పురుషులను 12 ఏళ్ళు పరిశీలించి 2004లో ప్రకటించిన ఫలితాలలో, రోజుకు రెండు అంతకు మించి బీర్లు త్రాగేవారికి ఈ వ్యాధి ముప్పు త్రాగనివారికంటే దాదాపు రెండున్నర రెట్లు. బీరులో మద్యంతోపాటు ప్యూరిన్లు కూడా ఉండడమే కారణమంటారు.

ఇక మన తాటికల్లు. "చలువ చేస్తుంది, అది మద్యమా?" అంటారు. సున్నం పూయని కుండలో చెట్టు మీదనే అది పులియనారంభిస్తుంది. సున్నంతో పులుపు ఆపిన నీరాలో మత్తు లేదు, కనుక నిషేధమూ లేదు. కాని దాని చక్కెరలో సగం ఫ్రక్టోజు. యూరిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్నవారు దానినీ మితం చేయాలి.

ఆ 2004 పరిశీలనలో మితంగా త్రాగిన ద్రాక్షసారాకు ముప్పు కనబడలేదు. 2014 నాటి మరొక పరిశీలన దానితోనూ నొప్పి తిరగబెడుతుందన్నది. కనుక మద్య నిషేధానికి యూరిక్ ఆమ్లాన్ని ఋజువుగా చూపే మన ఉపన్యాసకులు కొంచెం ఆగాలి. దివ్యఖుర్ఆన్ మద్యంలో కొంత లాభం ఉందని ఒప్పుకొంటూనే, పాపం అంతకంటే పెద్దదని చెప్పింది. ఆ ఆజ్ఞ వైద్యుల లెక్కలపై నిలిచింది కాదు.

రోగికి కావలసింది రక్తపరీక్ష, వైద్యుడు వ్రాసిన మందును నొప్పి తగ్గిన తరువాత కూడా మానకపోవడం. రంజాన్‌లో ఉపవాసముండేవారు ముందే వైద్యుని అడిగి, ఇఫ్తార్ నుండి సహరీ వరకు నీరు తగినంత త్రాగాలి.