పాత రంపానికి పలుకుతున్న ధర

విడిభాగం దొరికితేనే విలువ. రక్షణ ఏర్పాట్లు లేనిది అలంకారానికే పరిమితం

పనికిరాని యంత్రం మన ఊళ్లలో చివరకు చేరేది పాత ఇనుము కొట్టుకే. అక్కడ దాని వయసుతో గానీ, పేరుతో గానీ నిమిత్తం లేదు. కాటాలో ఎంత తూగితే అంత ధర. అమెరికా, కెనడా, జర్మనీ, స్కాండినేవియా దేశాల్లో ఒక రకం యంత్రం విషయంలో మాత్రం ఈ లెక్క తలకిందులైంది. అరవై, డెబ్బై ఏళ్ల క్రితం అడవుల్లో మహావృక్షాలను కూల్చిన పెట్రోలు గొలుసు రంపాలను, అంటే చైన్‌సాలను, అభిరుచి గలవారు వెతికి మరీ కొంటున్నారు. తుప్పు వదిలించి, ఇంజను విప్పి బిగించి, తిరిగి నడిపిస్తున్నారు. కొన్ని మోడళ్లకు ఇంటివాడకానికి అమ్మే కొత్త రంపం ధరను మించి చెల్లించేందుకు కూడా వెనుకాడడం లేదు.

వ్యవసాయ క్షేత్రాల్లో జరిగే వేలాలు, ఇంటి యజమాని మరణానంతరం సామాను అమ్మే సందర్భాలు, వారాంతపు పాత సామాను సంతలు ఈ క్రయవిక్రయాలకు నెలవులు. ఒకే బల్ల మీద పక్కపక్కన ఉన్న రెండు రంపాల్లో ఒకటి నామమాత్రపు ధరకు, మరొకటి దానికి ఎన్నో రెట్లకు అమ్ముడుపోవచ్చు. రెండూ ఒకే ఏడాది తయారైనవి కావచ్చు కూడా. తయారీదారు చరిత్ర, నేటికీ దొరికే విడిభాగాలు, ఇంజను లోపలి స్థితి ఈ తేడాకు కారణమవుతాయి. అయితే ఏ వేలంలోనూ లెక్కకు రాని ఖర్చు మరొకటి ఉంది. అది ఆ రంపాలను పట్టిన చేతులు భరించిన ఖర్చు.

ఇద్దరు మోసిన యంత్రం

జర్మనీకి చెందిన ఆండ్రియాస్ స్టిల్ 1926లో స్టుట్‌గార్ట్‌లో రూపొందించిన విద్యుత్ గొలుసు రంపం బరువు 64 కిలోలు. దానిని నడపడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. ఆ మరుసటి ఏడాది, 1927లో, ఎమిల్ లెర్ప్ అనే మరో జర్మన్ తన పెట్రోలు రంపాన్ని తురింగియా ప్రాంతంలోని డోల్మార్ కొండ మీద పరీక్షించారు. ఆ కొండ పేరే తరువాత ఆయన సంస్థ పేరయింది. స్టిల్ సంస్థ 1929లో విడుదల చేసిన పెట్రోలు రంపం 46 కిలోలు తూగింది. ఒక్క మనిషి పట్టి నడపగల 16 కిలోల రంపం ఆ సంస్థ నుంచి వెలువడడానికి 1950 వరకు ఆగవలసి వచ్చింది. 1959లో వచ్చిన ‘కాంట్రా’ మోడల్ ఆరు అశ్వశక్తుల ఇంజనుతో 12 కిలోలకు దిగింది. అభిరుచిపరులు నేడు ఎక్కువగా కోరుకునే వాటిలో ఇదొకటి.

ఇంజను తేలికపడినంత మాత్రాన పని సులువు కాలేదు. తొలినాటి గొలుసులు చేతి రంపపు పళ్లనే అనుకరించేవి. తరచు మొద్దుబారేవి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో కలప పని చేసే జోసెఫ్ కాక్స్ 1946లో కట్టెలు కొడుతుండగా మొద్దులో ఒక పురుగు కంటపడింది. అది ఒక రకం పెంకు పురుగు పిల్ల. కర్రను అటూ ఇటూ కొరుకుతూ, నిలువు పొరలనీ అడ్డ పొరలనీ చూడక సునాయాసంగా సాగిపోతోంది. దాని దవడల తీరునే కాక్స్ ఉక్కులో పోత పోసినట్లు అనుకరించారు. 1947లో ఆయన నెలకొల్పిన సంస్థ తయారుచేసిన గొలుసు ప్రపంచమంతటా ప్రమాణమైంది. ఈనాటి గొలుసులకూ మూలం అదే.

యుద్ధానంతర కాలంలో అమెరికాలో గృహ నిర్మాణం ఊపందుకుని కలపకు గిరాకీ పెరిగింది. ఆ తరుణంలో రాబర్ట్ మెకల్లాక్ సంస్థ 1949లో 25 పౌన్ల, అంటే పదకొండు కిలోలకు పైబడిన రంపాన్ని మార్కెట్లో ప్రవేశపెట్టింది. మెకల్లాక్ ఎంత గడించారో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. లండన్ నగరం తన పాత వంతెనను అమ్మకానికి పెట్టగా 1968లో 24 లక్షల 60 వేల డాలర్లకు దానిని కొన్నది ఆయనే. రాళ్లను ఓడల మీద తరలించి, అరిజోనా ఎడారిలో తాను నిర్మిస్తున్న లేక్ హవాసు పట్టణంలో 1971 నాటికి తిరిగి నిలబెట్టారు. ఆ పట్టణంలో తొలి ఉపాధి కల్పించిన వాటిలో గొలుసు రంపాల కర్మాగారం ఒకటి.

అంతటి సంస్థ కూడా 1999లో దివాలా రక్షణ కోరింది. పేరు మాత్రం చేతులు మారి స్వీడన్‌కు చెందిన హస్క్‌వర్నాకు చేరింది. అమెరికాలోనే మరో పేరుమోసిన సంస్థ హోమ్‌లైట్ 1955లో టెక్స్‌ట్రాన్, 1994లో జాన్ డీర్ సంస్థల అధీనంలోకి వెళ్లి, అనంతరం హాంకాంగ్ సంస్థ పరమైంది. డోల్మార్‌ను 1991లో జపాన్‌కు చెందిన మకిటా కొనుగోలు చేసింది. మకిటా 2022 మార్చితో ఇంజను యంత్రాల తయారీనే నిలిపివేసి బ్యాటరీ పరికరాల వైపు మళ్లింది. ఇలా యాజమాన్యాలు మారిన ప్రతిసారీ పాత మోడళ్ల విడిభాగాల సరఫరా సన్నగిల్లుతూ వచ్చింది. పాత రంపం ధర వెనుక ఉన్న అసలు కీలకం ఇదే.

తాడు లాగడానికి ముందు

అనుభవజ్ఞుడైన కొనుగోలుదారు రంపాన్ని చూడగానే స్టార్టు చేయాలని తొందరపడడు. ముందుగా తాడును మెల్లగా లాగి ఇంజను తిరుగుతున్నదీ లేనిదీ గమనిస్తాడు. పిస్టన్ పట్టేసి ఉంటే బలవంతాన లాగడం మరింత నష్టం. స్పార్క్ ప్లగ్ విప్పి ఆ రంధ్రం గుండా పలుచని నూనె వేసి కొన్ని రోజులు నానబెట్టవలసి ఉంటుంది. తిరుగుతున్న ఇంజనైతే సైలెన్సర్ ఊడదీసి పొగ వెళ్లే దారి నుంచి పిస్టన్‌ను చూడాలి. దాని పక్కలు నున్నగా ఉంటే మేలు. నిలువు గీతలు పడి ఉంటే ఇంజను ఎప్పుడో వేడెక్కి ఒరుసుకుపోయిందని అర్థం. అటువంటి యంత్రం బయటికి ఎంత మెరిసినా ధర సగానికి సగం పడిపోతుంది.

మరో పరీక్ష కంప్రెషన్. ప్లగ్ రంధ్రానికి మీటరు బిగించి తాడు లాగితే ముల్లు 120 పౌన్లు దాటడం సాధారణంగా మంచి సూచన. 90కి లోపే ఆగిపోతే రింగులో, సిలిండరో అరిగి ఉండవచ్చు. ఆ తరువాత చూడవలసినది మెగ్నీషియం పోతతో చేసిన పైతొడుగు. బరువు తగ్గించడానికి తయారీదారులు ఎంచుకున్న ఈ లోహం తేమ తగిలితే తెల్లని పొడిగా రాలిపోతుంది. పగిలితే అతకడం కష్టం. ఎయిర్ ఫిల్టర్ మూత, స్టార్టరు కప్పు వంటి చిన్న భాగాలు పోయినా యంత్రం అసంపూర్ణమే. వాటి కోసం అదే మోడల్ రంపం మరొకటి కొని విప్పవలసి వస్తుంది.

గైడ్ బార్, గొలుసు విషయంలోనూ అప్రమత్తత అవసరం. అంగుళంలో మూడు ఎనిమిదవ వంతు పరిమాణపు గొలుసులు నేటికీ దుకాణాల్లో లభిస్తాయి. మరీ పాత రంపాలకు వాడిన అర అంగుళపు గొలుసులు దొరకడం అరుదు. ఇంజను చక్కగా తిరిగినా కోయడానికి గొలుసు లేని రంపం బొమ్మతో సమానం. ఇది చాలదన్నట్లు పేరున్న పెద్ద మోడళ్లకు నకళ్లు, నకిలీ విడిభాగాలు కూడా మార్కెట్లోకి వచ్చిపడ్డాయి.

స్కూటరు నేర్పిన పాఠమే

పాతకాలపు స్కూటరు నడిపిన వారికి ఈ ఇంజను కొత్త కాదు. పెట్రోలులో ఆయిలు కలిపి పోసే టూ స్ట్రోక్ ఇంజనే ఇదీను. పాయింట్లు శుభ్రం చేయడం, కండెన్సర్ మార్చడం, కార్బురేటర్‌లో బిరుసెక్కిన డయాఫ్రం తీసి కొత్తది వేయడం పునరుద్ధరణలో తొలి మెట్లు. చాలా రంపాలు ఈమాత్రానికే తిరిగి గొంతెత్తుతాయి. అయితే అంతటితో పని పూర్తయిందనుకోవడం పొరపాటు. క్రాంక్‌కు ఇరువైపులా ఉండే ఆయిల్ సీళ్లు ఎండిపోయి ఉంటే అక్కడి నుంచి గాలి లోపలికి చొరబడుతుంది. పెట్రోలు పాలు తగ్గి, దానితో వచ్చే ఆయిలు కూడా చాలక పిస్టన్ ఒరుసుకుపోతుంది. అరుదైన ఇంజన్లు కొన్ని అడవిలో చెడక, ఇంటికి తెచ్చిన తరువాత ఈ నిర్లక్ష్యం వల్లే చెడిపోతున్నాయి.

ఇంధనంలో వచ్చిన మార్పు మరో చిక్కు. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను, డయాఫ్రంలను దెబ్బతీస్తుంది. నిల్వ ఉంచితే తేమను పీల్చుకుంటుంది. అందుకే పునరుద్ధరించిన రంపంలో ఇంధనం మిగల్చకుండా తీసివేయాలంటారు. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2025లో చేరుకున్న మన దేశంలోనూ పాత ఇంజన్లున్న వారికి ఇది పట్టించుకోదగిన సంగతి.

మెరుగు పెట్టడంలోనూ జాగ్రత్త కావాలి. మెగ్నీషియాన్ని అరగదీస్తే రాలే పొడి సులభంగా అంటుకుంటుంది. మామూలు మంటలా నీళ్లు చల్లి దానిని ఆర్పబోతే మరింత రేగుతుంది. పైగా తొలినాటి రంగు, అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్న రంపానికి కొత్త రంగు వేస్తే విలువ పెరగకపోగా తగ్గుతుంది.

అరుదుకూ ధరకూ పొంతన లేదు

అరుదైనదంతా ఖరీదైనది కాదన్నది ఈ రంగంలో కొత్తవారు ఆలస్యంగా తెలుసుకునే సత్యం. హోమ్‌లైట్ తయారుచేసిన ‘ఎక్స్ఎల్ 12’ మోడల్ విస్తారంగా అమ్ముడుపోయింది. కనుక నేటికీ చవకగా లభిస్తుంది. సరిగ్గా ఆ కారణం చేతనే దానికి విడిభాగాలు దొరుకుతాయి, తొలిసారి చేయి చేసుకునేవారికి అది అనువైనది. మరోవైపు ఎవరూ వినని సంస్థ కొద్ది సంఖ్యలో చేసిన రంపానికి విడిభాగం దొరకదు, అడిగే నాథుడూ ఉండడు.

గిరాకీ ప్రధానంగా పెద్ద ఇంజన్లకే. మెకల్లాక్ ‘ఎస్‌పీ 125’ మోడల్‌లో ఇంజను సామర్థ్యం 123 సీసీ. మన రోడ్ల మీద తిరిగే ఎన్నో మోటారు సైకిళ్ల కంటే ఎక్కువ. 1950 దశకం చివర అమెరికాలో గోకార్టు పందేలు మొదలైనప్పుడు మెకల్లాక్ రంపపు ఇంజన్లనే ఆ చిన్న బండ్లకు బిగించారు. ఫలితంగా పాత కార్టులు సేకరించేవారు కూడా ఈ ఇంజన్ల కోసం పోటీకి దిగుతున్నారు. రెండు వర్గాల పోటీ మధ్య ధర పెరగడం సహజమే.

చేతులు చెల్లించిన మూల్యం

ధర కట్టేటప్పుడు మరువరాని అంశం ఈ రంపాల్లో లేనిదేమిటన్నది. గొలుసు కొస కర్రకు తగిలితే రంపం ఒక్క ఉదుటున మనిషి మీదికి ఎగదన్నుతుంది. ఆ క్షణంలో గొలుసును ఆపే బ్రేకును స్టిల్ 1972లో, దానంతటదే పనిచేసే బ్రేకును హస్క్‌వర్నా 1973లో ప్రవేశపెట్టాయి. అంతకు ముందటి రంపాల్లో కార్మికుడి చేతికీ ముఖానికీ రక్షణ అతడి ఒడుపే.

ప్రమాదాలు కంటికి కనిపిస్తాయి. కనిపించకుండా చేటు చేసింది ప్రకంపన. ఏళ్ల తరబడి అదురుతున్న పిడి పట్టినవారి వేళ్లు చలి తగలగానే తెల్లబడి స్పర్శ కోల్పోయేవి. ‘తెల్లవేళ్ల’ జబ్బుగా పేరుపడిన దీనిని బ్రిటన్ 1985లో వృత్తి వ్యాధిగా గుర్తించింది. ఫిన్‌లాండ్‌లోని సువోముస్సాల్మి ప్రాంతంలో అటవీ కార్మికులను 1972 నుంచి 1990 వరకు పరిశోధకులు పరీక్షిస్తూ వచ్చారు. మొదట్లో 40 శాతం మందిలో కనిపించిన ఈ జబ్బు చివరకు 5 శాతానికి తగ్గింది. ఆ మధ్యకాలంలో పిడికీ ఇంజనుకూ నడుమ రబ్బరు దిమ్మెలు చేరి, రంపాల అదురు బాగా తగ్గింది. మనిషి మారలేదు, యంత్రం మారింది. పాత యంత్రాన్ని యథాతథంగా నిలబెట్టడమంటే ఆ అదురునూ తిరిగి తెచ్చుకోవడమే. కాబట్టి దానిని ప్రదర్శనలో కాసేపు నడిపి చూపడం వేరు, రోజంతా కట్టెలు కోయడం వేరు.

మన ప్రాంతంలో

ఇదిలా ఉండగా, అడవులు తరిగిపోతున్న దేశాల్లో ఈ రంపం మీద చట్టం కన్ను పడింది. లైసెన్సు లేకుండా అమ్మినా, అడవుల్లో వాడినా శిక్షార్హమని బ్రెజిల్ 1998లో శాసనం చేసింది. ఫిలిప్పీన్స్ 2002లో ప్రత్యేక చట్టమే తెచ్చింది. శ్రీలంకలో నాటి అధ్యక్షుడు మైత్రిపాల సిరిసేన 2019లో అడవుల రక్షణ పేరిట వీటి మీద నిషేధం ప్రకటించారు. అదే రంపం ప్రాణరక్షణకూ అక్కరకు వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు దారులకు అడ్డంగా కూలిన చెట్లను విపత్తు సహాయ దళాలు తొలగించినది వీటితోనే.

మన దేశంలో యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకునేందుకు కేంద్రం 2021లో నిబంధనలు సవరించింది. కార్లకు దక్కిన ఆ గౌరవం పనిముట్లకు దక్కలేదు. నూర్పిడి యంత్రమైనా, ఆయిల్ ఇంజనైనా, చెట్లు కోసే మిషనైనా మూలపడిన నాడు కాటా ఎక్కవలసిందే. పాత రంపాలకు ధర కట్టే విదేశీయుల పద్ధతిలో మన రైతుకూ, మెకానిక్కుకూ పనికివచ్చే సూత్రం ఒకటుంది. యంత్రాన్ని కిలోల లెక్కన అమ్మే ముందు దానిలోని ఏ భాగం మరో యంత్రాన్ని బతికించగలదో చూసుకోవాలి. తిరిగి నడపదలిస్తే మాత్రం ముందుగా చూడవలసింది మన చేతులకు అది ఎంత భద్రమన్నదే.