అంగడిలో తివాచీ పరిచే ముందు



కెలమంగలం బజారులో మా బంధువు ఒకాయన రెడీమేడ్ బట్టల అంగడి పెట్టినప్పుడు నేలంతా ముదురు ఎరుపు తివాచీ పరిపించాడు. ప్రారంభం నాడు వచ్చినవాళ్లంతా బాగుందన్నారు. కార్తీక మాసం వానలు దాటేసరికి లోపల అడుగు పెడితే తడిసిన గోనెసంచి వాసన. ఒక మూల పైకెత్తి చూస్తే అడుగున నల్లటి బూజు. పైకప్పు కారలేదు, ఎవరూ నీళ్లు ఒలకబోయలేదు. కొత్త గచ్చు వేసి నెల తిరగకముందే దాని మీద జిగురు పూసి తివాచీ అంటించేశారు, అంతే. అప్పు తెచ్చి పెట్టిన డబ్బు చుట్టచుట్టి బయట పారేయవలసి వచ్చింది. కొనే ముందు ఆయన నన్ను కూడా అడిగాడు, "రంగు ఎట్లుందన్నా?" అని. నేనూ రంగే చూశాను.

అందుకే ఈ రోజు రంగు సంగతి చివరికి వదిలేసి, ముందు నేల గురించి మాట్లాడుకుందాం.

సిమెంటు గచ్చు పైకి ఆరినట్టు కనిపిస్తుంది గాని, లోపలి చెమ్మ బయటికి రావడానికి చాలా కాలం పడుతుంది. మందం ఒక్కో అంగుళానికి సుమారు ఒక నెల అని పనివాళ్ల లెక్క. నాలుగు అంగుళాల గచ్చయితే నాలుగు నెలలన్నమాట. అదీగాక కింది అంతస్తులో గచ్చు అడుగున ప్లాస్టిక్ కాగితం పరచి ఉండకపోతే, భూమిలోని తేమ ఏడాది పొడుగునా పైకి పాకుతూనే ఉంటుంది. దీన్ని కనిపెట్టడానికి ఖర్చేమీ లేదు. ఒకటిన్నర అడుగుల చదరం ప్లాస్టిక్ కాగితం తీసుకుని, నాలుగు అంచులూ గాలి చొరబడకుండా టేపుతో నేలకు అంటించండి. సాయంత్రం అంటించి మరునాడు మధ్యాహ్నం తీయండి. అడుగున నీటిబొట్లు గాని, నేల మీద నల్లని మచ్చ గాని కనిపిస్తే ఆ నేలకు తివాచీ వద్దు. వానాకాలంలో రెండు మూడు చోట్ల, ముఖ్యంగా గోడ మూలల్లో, ఇలా చూస్తే ఇంకా మంచిది.

నేల తరువాత కాళ్లు. మనది ఎర్రమట్టి సీమ. సంత రోజున చెప్పులతో పాటు లోపలికి వచ్చే ఇసుకరేణువు పోగుల మొదట్లో దిగి, మనిషి తొక్కినప్పుడల్లా రంపంలా కోస్తుంది. తివాచీ అరిగేది మనుషుల బరువుకన్నా ఈ ఇసుకతోనే ఎక్కువ. గిరాకీలు చెప్పులు బయట విడిచి వచ్చే బట్టల అంగడిలోనూ, నగల అంగడిలోనూ తివాచీ చాలాకాలం నిలుస్తుంది. ఎరువుల అంగడికీ, హోటలుకూ, ఆసుపత్రికీ నన్నడిగితే వద్దనే చెబుతాను. కృష్ణగిరి గ్రానైటు దేశదేశాలకు పోతున్నది. తడిగుడ్డతో తుడిస్తే చాలే అలాంటి రాయి ఇంటి పక్కనే ఉండగా, అన్నం వడ్డించే చోట తివాచీ ఎందుకు చెప్పండి?

మేడ మీద కంప్యూటర్ ఆఫీసుకో, ట్యూషన్ సెంటరుకో అయితే సంగతి వేరు. నేల నుంచి చెమ్మ భయం తక్కువ. కుర్చీలు జరిపిన చప్పుడు కింది అంతస్తుకు వినపడదు.

ఇక దేనితో నేసినది తీసుకోవాలి? నైలాన్ తొక్కుడుకు బాగా ఓర్చుకుంటుంది, అణగినా మళ్లీ లేస్తుంది, ధర ఎక్కువ. పాలీప్రొపిలీన్ చౌక, నీటిని పీల్చదు, రంగు త్వరగా వెలవదు. కాని నడిచే దారిలో అణిగిపోతుంది, నూనె మరక పడితే వదలదు. కంప్యూటర్లున్న గదికి నైలాన్ తీసుకుంటే, ఎండాకాలం పొడిగాలికి చిన్న చిన్న కరెంటు చురుకులు పుట్టకుండా తయారుచేసిన రకమే అడగండి. ఉన్ని అందమైనదే. పారశీక దేశం నుంచి వచ్చిన నేతగాళ్లతో మొదలైందని చెప్పుకునే ఏలూరు ఉన్ని తివాచీల పేరు మీరు వినే ఉంటారు. అవి ఇంటి హాలుకు శోభ. రోజంతా జనం తొక్కే అంగడికి మాత్రం కావు. చెప్పులు విడిచి కింద కూర్చుని బేరం చేసే చోటైతే భవానీ జమఖానాయో, 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీయో పరిస్తే చాలు. మాసినప్పుడు తీసి ఉతకవచ్చు, చెమ్మ పడితే ఎండలో వేయవచ్చు. మా బంధువు చివరికి చేసింది అదే.

తివాచీ ఎంచేటప్పుడు పోగు ఎత్తు చూసి మురిసిపోకండి. పొట్టిగా, దట్టంగా, పోగు కొస కోయకుండా ముడిలా ఉన్న రకమే అంగళ్లకు మన్నుతుంది. నమూనా ముక్కను చేతిలో వెనక్కి వంచి చూడండి. పోగుల మధ్య అడుగు గుడ్డ తెల్లగా బయటపడితే అది పలుచని నేత.

చుట్టగా కొనాలా, పలకలుగానా అన్నది తరువాతి ప్రశ్న. పదిహేను అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు గది 300 చదరపుటడుగులు. చుట్ట వెడల్పు పన్నెండు అడుగులైతే, పదిహేను అడుగుల తునకలు రెండు తీయాలి. అంటే 360 చదరపుటడుగులకు డబ్బు కట్టాలి, మధ్యలో ఒక అతుకూ పడుతుంది. ఆ తునకలను గది పొడవునా పరిస్తే 480 అవుతుంది. అతుకు గుమ్మం ఎదుట రాకుండా చూసుకోండి. పలకలైతే అర మీటరు చదరం ఉంటాయి. ఈ గదికి 112 సరిపోతాయి, కోతలకూ మిగులుకూ కలిపి 120 కొనవచ్చు. చదరపుటడుగుకు పలక ధర ఎక్కువే. కాని టీ ఒలికినా, గుమ్మం దగ్గర అరిగినా ఆ నాలుగు పలకలే మారుస్తాం. కింది అంతస్తులో చెమ్మ వస్తే ఎత్తి చూసుకునే వీలుంటుంది.

హోసూరులోనో, బెంగుళూరులోనో కొనేటప్పుడు ధర ఒక్కటే అడిగి రావద్దు. జిగురు, అంచుపట్టీ, పరిచే కూలి, పాత నేల సరిచేసే పని అన్నీ కలిపి చదరపుటడుగుకు ఎంతో కాగితం మీద రాయించుకోండి. పెట్టెలన్నీ ఒకే రంగు అద్దకం తడవవో కాదో చూడండి. వేరు తడవ సరుకైతే పరిచాక పగటి వెలుతురులో తేడా తెలిసిపోతుంది. గుమ్మం బయట కొబ్బరిపీచు పట్టా ఒకటి, లోపల మరొకటి వేసి, వాటిని రోజూ దులపండి. రంగు మాట అడిగితే, మన ఊళ్లకు మట్టి కనపడని గోధుమ ఎరుపో, చుక్కలు కలిసిన బూడిద రంగో సరి.

మిగిలిన పలకలను అటక మీద నిలబెట్టకుండా పడుకోబెట్టి ఉంచండి. నిలబెడితే వంకర తిరుగుతాయి.