నిర్వచనంలో ఇమడని రోగి

కథలాపూర్ ప్రాంతంలో బీడీలు చేసే ఒక స్త్రీ వెంట నేను మూడు ఆస్పత్రులు తిరిగాను. భర్త దుబాయిలో వున్నాడు. అతను వెళ్లడానికి చేసిన అప్పు ఇక్కడ వున్నది. మూడు నెలలుగా అతని నుంచి ఫోను లేదు. ఒకనాటి రాత్రి ఆమెకు పోచమ్మ పూనింది. నాలుగు రోజులు నిద్రపోలేదు, పిల్లల్ని గుర్తుపట్టలేదు, చచ్చిపోయిన అత్త పిలుస్తున్నదన్నది. మొదటి చీటీలో హిస్టీరియా అని రాశారు. రెండో చీటీలో స్కిజోఫ్రేనియా అన్నారు. మూడు వారాలు తిరక్కుండానే ఆమె తేరుకొని, చాట ఒళ్లో పెట్టుకొని తునికాకు కత్తిరించడం మొదలుపెట్టింది.

మరి ఆమె జబ్బు పేరేమిటి?

మనోవ్యాధుల్లో చాలావాటిని తేల్చే రక్తపరీక్ష లేదు. లక్షణాలనూ, అవి వుండే కాలాన్నీ బట్టి పేరు పెట్టాలి. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 1980లో తెచ్చిన డి.ఎస్.ఎం. మూడో కూర్పుతో యీ పద్ధతి స్థిరపడింది. దాని ప్రకారం స్కిజోఫ్రేనియా అనాలంటే జబ్బు ఆనవాళ్లు ఆరు నెలలుండాలి. యిది అర్థంలేని పద్ధతి కాదు. అంతకుముందు ఒకేరకం రోగిని లండన్ డాక్టరు ఒకటనీ, న్యూయార్క్ డాక్టరు మరొకటనీ అనేవారు. కొలబద్ద లేనిచోట డాక్టరు ఇష్టమే శాస్త్రమవుతుంది. సోవియట్ యూనియన్లో అసమ్మతివాదులకు ‘మందగతి స్కిజోఫ్రేనియా’ అంటగట్టి ఆస్పత్రుల్లో బంధించిన ఉదంతం తెలిసిందే. దాన్ని గురించి మనం మాట్లాడింది తక్కువ.

అయితే ఆ కొలబద్దను ఎవరిని చూసి తయారుచేశారన్నది అసలు ప్రశ్న. జబ్బు ఉన్నట్టుండి వచ్చి, కొద్ది వారాల్లో పూర్తిగా నయమయ్యే రోగులు మన దేశపు డాక్టర్లకు తరచుగా కనిపించేవారు. వాళ్లు స్కిజోఫ్రేనియాలోనూ ఇమడరు, ఉన్మాదంలోనూ ఇమడరు. నరేంద్రనాథ్ విగ్ వంటివారు యీ విషయం పట్టించుకున్నారు. భారత వైద్య పరిశోధనా మండలి 1980లలో దీన్ని అధ్యయనం చేయించింది. 1992లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన పదో వర్గీకరణలో యిటువంటి తాత్కాలిక మనోవైకల్యాలకు విడిగా చోటు దొరికింది. 2022 నుంచి అమల్లోకొచ్చిన పదకొండోది వాటికి మూడు నెలల గడువు పెట్టింది. పూనకం గురించి కూడా అది జాగ్రత్తగా మాట్లాడుతుంది. బోనాలనాడు వచ్చే పూనకం జబ్బు కాదు. మనిషి ప్రమేయం లేకుండా, ఆచారం పరిధి దాటి వచ్చి, బతుకును దెబ్బతీసినప్పుడే జబ్బు.

అడగవలసింది అడగకపోయినా రోగి దేనిలోనూ ఇమడడు. 2015లో తెలంగాణలో కల్తీకల్లు మీద దాడులు జరిగాక నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆస్పత్రులకు వణుకుతో, మూర్ఛలతో, మతి తప్పిన మాటలతో జనం వచ్చారు. కల్లులో కలిపే అల్ప్రజోలం వంటి మత్తుమందు ఒక్కసారిగా అందకపోవడమే కారణం. కల్లు సంగతి అడగని డాక్టరు చీటీ మీద పిచ్చి అనే రాస్తాడు.

మూడో ఆస్పత్రి డాక్టరు ఆమెను అరగంట మాట్లాడనిచ్చాడు. నిద్ర, తిండి, ఫోను, అప్పు, కల్లు అన్నీ అడిగాడు. “పాణం గాలికి కొట్టుకపోయినట్టయింది” అని ఆమె అంటే ఆ మాటను అట్లాగే తెలుగులో రాసుకున్నాడు. కింద ‘తాత్కాలిక నిర్ణయం, మూడు నెలలు చూడాలి’ అని రాశాడు.

ఆమె మీద కథ రాయబోయి నేను మొదట రాసుకున్న వాక్యం: ‘అప్పు ఆమెను పిచ్చిదాన్ని చేసింది.’ మన కథల్లో యిది ఎన్నోసార్లు చదివిన చీటీయే. అప్పు నిజం, బీడీలకు దొరికే కూలి ఎంతో కూడా నిజం. కాని ఆ వాడలో అటువంటి అప్పు మోస్తున్న ఇళ్లు చాలా వున్నాయి, అందరికీ పూనలేదు. వాక్యం కొట్టేసి, మళ్లీ ఆమె దగ్గరికే వెళ్లాను. ఆ నాలుగు రోజుల్లో ఏం గుర్తున్నదని అడిగాను.

“అత్త పిల్సింది గుస్సతోని గాదు సారూ,” అన్నది. “బువ్వకు పిల్సింది.”