గల్లీకి చెల్లవలసిన ఐదేండ్ల పద్దు

2020వ సంవత్సరము నవంబరు చివరి వారమున హైదరాబాదు గల్లీలలో సాయంకాలము సంచరించినవారికి ఆ దృశ్యము మరపునకు రాదు. ముందుగా డప్పుల మ్రోత వినవచ్చును. పిమ్మట మైకు కట్టిన ఆటో, దాని వెనుక కండువాలు ధరించిన పాతికమంది యువకులు, వారి నడుమ చేతులు జోడించి, ప్రతి గడప ముందును ఒక్క క్షణము నిలిచి, పసిబిడ్డ కనబడినచో ఎత్తుకొని, ముదుసలి కనబడినచో పాదములకు వంగి, చెమటయు ధూళియు కలిసిన ముఖముతో సాగిపోవు అభ్యర్థి. "అమ్మా, జర యాది పెట్టుకో. మన గుర్తుకే వెయ్యాలె" అని అతడనగా, మా గల్లీ చివర అరుగుపై కూర్చున్న అవ్వ అతని చేయి విడువక, "బిడ్డా, పోయినసారి వచ్చినోళ్ళు గూడ గిట్లనే జెప్పిండ్రు. మోరీ మాత్రం గట్లనే ఉన్నది" అనెను. అతడు నిలిచి, మోరీ వైపు చూచి, "గెలిచినంక మొదటి పని ఇదే అవ్వా" అని మాట యిచ్చి, ఆమె చేతిలో ఒక కరపత్రముంచి కదలిపోయెను.

అట్టి కరపత్రమే నాకును ఒకటి లభించినది. దానిని పారవేయక, బీరువాలో ఇంటిపన్ను రశీదుల నడుమ దాచితిని. పన్ను చెల్లించితినని చెప్పుటకు నా యొద్ద రశీదు కలదు. కరపత్రములోని బాకీ చెల్లినదో లేదో చెప్పుటకు ఏ కాగితమును లేదు. ఈ వ్యాసము పుట్టినది ఆ రెండు కాగితముల నడుమనే.

ఎన్నికల నిబంధనలు కార్పొరేటరు పదవికి పోటీ చేయువాని నుండి ఒక లెక్కను నిష్కర్షగా అడుగును. ఆ ఎన్నికలో ఒక్కొక్క అభ్యర్థి వ్యయమునకు 5 లక్షల రూపాయల పరిమితి యుండెను. ఫలితము వెలువడిన 45 దినములలో ఆటో కిరాయి, షామియానా అద్దె, ఫ్లెక్సీల వెల, కార్యకర్తల ఫలహారము మొదలుగా ప్రతి పైసకును లెక్క సమర్పింపవలెను. సమర్పింపనివాడు మూడేండ్లు పోటీకి అనర్హుడగును. ఇది మేలైన నియమము. అయితే పదునైదు దినముల ప్రచారమునకు ఇంత కట్టుదిట్టముగా లెక్క అడుగు చట్టము, ఆ ప్రచారముచేత సంపాదించిన ఐదేండ్ల పదవికి ఏ లెక్కయు అడుగదు. ఎన్ని సమావేశములకు హాజరైతివి, ఏ ప్రశ్న వేసితివి, ఏ వీధికి ఎంత నిధి అడిగితివి, ఎంత వచ్చినది, రానిచో ఏల రాలేదు అని విచారించి, ప్రత్యుత్తరమును అదే డివిజను ప్రజల యెదుట చదివించు నిబంధన యేదియు లేదు. వ్యయమునకు పద్దు కలదు గాని వాగ్దానమునకు పద్దు లేదు.

ఈ లోపము చిన్నదని తలచువారు డివిజను పరిమాణమును ఊహింపవలెను. 2007 ఏప్రిల్ 16వ తేదీన, పాత నగరపాలక సంస్థలో చుట్టుపట్ల 12 పురపాలక సంఘములను, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాదు మున్సిపల్ కార్పొరేషనును ఏర్పరచిరి. 2020 నాటికి అందు 150 డివిజనులు, సుమారు 74 లక్షల ఓటర్లు. అనగా ఒక్కొక్క కార్పొరేటరునకు సగటున ఏబదివేల ఓటర్లు. జిల్లాలలో ఇది ఒక పట్టణపు జనసంఖ్య. ఆ డిసెంబరు 1న ఓటు వేసినవారు నూటికి నలుబదియారుగురు మాత్రమే. ఆ లెక్కన, పోలైన ఓట్లలో సరిగా సగము గెలుచుకొన్నవానికి సైతము తన డివిజను ఓటర్లలో నాలుగవ వంతు సమ్మతియైనను లేదు. ఇండ్లలోనే నిలిచిపోయిన తక్కిన సగము జనమును సోమరులని నిందించువారితో నేను ఏకీభవింపను. ఓటు వేసిన మరునాటి నుండి తన ఓటుతో ఏమి జరిగినదో తెలిసికొను మార్గము లేని మానవుడు, మరల ఐదేండ్లకు ఆ వరుసలో నిలుచుటకు ఉత్సాహపడకుండుట స్వభావవిరుద్ధము కాదు.

ఆ ఎన్నికకు నెలన్నర ముందు, అక్టోబరు 13వ తేదీ రాత్రి కురిసిన కుంభవృష్టికి నగరము సగము మునిగెను. చెరువుల కట్టలు తెగెను. పాతబస్తీ కాలనీలలో ఇండ్ల కప్పుల వరకు నీరు నిలిచెను. 1908 సెప్టెంబరులో మూసీ నదికి వచ్చిన ఉత్పాతమును తాతల నోట వినియున్నవారు దానిని జ్ఞప్తికి తెచ్చుకొనిరి. ఆ వరదకు నెల ముందే, సైకిలుపై బయలుదేరిన ఒక బాలిక, వాననీటి క్రింద కానరాని మూతలేని నాలాలో పడి ప్రాణములు విడిచెను. ఆ నాలాకు మూత వేయుమని ఎవరైన ఎన్నడైన వ్రాసియుండిరా, వ్రాసినచో ఆ కాగితము ఏ బల్లపై ఎన్ని నెలలు నిలిచెను అను ప్రశ్న ఒక్కటియే, నా దృష్టిలో, ఆ ఎన్నికకు కేంద్రము కావలసియుండెను.

కాని ప్రచారము వేరొక త్రోవ పట్టెను. వరద బాధిత కుటుంబమునకు పదివేల రూపాయల సహాయము ఎవరికి అందినది, ఎవరికి అందలేదు అను వివాదము కొంతకాలము నడిచెను. నవంబరు 18న రాష్ట్ర ఎన్నికల సంఘము ఆ పంపకమును నిలిపివేసెను. నెలకు ఇరువదివేల లీటర్ల ఉచిత జలమను వాగ్దానము వెలువడెను. ఢిల్లీ నుండి కేంద్ర మంత్రులును, ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రియు వచ్చి వీధులలో ఊరేగిరి. దేశమునకు సంబంధించిన మహావిషయములు మైకులలో మారుమ్రోగెను. నగర ఎన్నికకు అంతటి ప్రాముఖ్యము లభించుట సంతోషకరమే; అయినను ఆ మహాధ్వని నడుమ, ఈ నాలా పూడిక ఎప్పుడు తీయుదువని తన డివిజను అభ్యర్థిని అడుగగోరిన గృహిణి కంఠము వినబడకపోయెను. వాగ్దానము చేసినవారొకరు, ఓటు పొందినవారొకరు, పని చేయవలసినవారు మరియొకరు అయిన పిమ్మట, లెక్క అడుగుటకు ఎవరి గుమ్మము త్రొక్కవలెను?

కార్పొరేటరు పక్షమున పలుకవలసిన మాట కూడ ఒకటి కలదు. దానిని నేను మనఃపూర్వకముగనే పలుకుచున్నాను. ప్రజలు అతనిని అడుగువాటిలో సగము అతని చేతిలో లేనివి. కార్యనిర్వహణాధికారము రాష్ట్ర ప్రభుత్వము నియమించు కమిషనరుది. త్రాగునీరు, మురుగునీరు 1989లో ఏర్పడిన జలమండలివి. విద్యుత్తు వేరొక సంస్థది, రక్షణ పోలీసులది. తెల్లవారుజామున ఐదు గంటలకు "అన్నా, నల్లా రాలే" అని ఫోను చేయు ఓటరునకు ఈ భేదములతో పని లేదు, ఉండనక్కరయు లేదు. కార్పొరేటరు నిజమైన వృత్తి అడుగుట. ప్రజల తరఫున కమిషనరును, మండలిని, స్థాయీసంఘమును అడుగుట. అడిగినదానికి వ్రాతమూలకముగా జవాబు రాబట్టుట. జవాబు రానిచో సభలో లేచి నిలుచుట. కావున అతని నుండి మనము కోరదగిన పద్దు వేయించిన రోడ్ల పట్టిక కాదు, అడిగిన ప్రశ్నల పట్టిక. ఏ తేదీన ఏ అధికారికి ఏ గల్లీని గూర్చి వ్రాసెను, ఎన్నిమారులు గుర్తుచేసెను, వచ్చిన సమాధానమేమి, అంచనా ఎంత, గుత్తేదారు ఎవరు, పని ఎచ్చట ఆగెను. ఇంతియే. ఇట్టి పట్టిక బయట నుండినచో చేయనివాని వెలితి తెలియుటయే గాక, శ్రమించియు ఫలితము రాబట్టలేకపోయిన సభ్యుని నిజాయతీ సైతము లోకమునకు వెల్లడియగును. నేటి స్థితిలో ఆ ఇరువురును ప్రజల కంటికి ఒక్కటియే.

నగరమునకు ఈ లెక్క అడుగు అలవాటు పట్టుబడకపోవుటకు చరిత్రలోనే ఒక కారణము కలదు. హైదరాబాదులో 1986లో ఎన్నికలు జరిగిన పిమ్మట మరల జరిగినది 2002లో. నడుమ పెక్కేండ్లు ప్రత్యేకాధికారుల పాలన. 1986లో ఐదేండ్ల బాలిక 2002 నాటికి ఓటరు. ఆమె ఎదిగినన్నాళ్ళును అధికభాగము తన వీధికి ప్రతినిధి యనదగినవాడు లేడు. అలవాటు తప్పిన పొలమువలె, అడుగుట మరచిన పౌరసంఘమును మరల సాగులోనికి తెచ్చుట సులభము కాదు.

అడుగుట తెలుగువారికి తెలియని విద్య యని మాత్రము ఎవ్వరును అనజాలరు. నాటి గుంటూరు జిల్లాలోని చీరాల, పేరాల గ్రామములను ఆంగ్ల ప్రభుత్వము కలిపి పురపాలక సంఘముగా మార్చినప్పుడు, ఏటా నాలుగువేల రూపాయలుగా నుండిన పన్నుల భారము నలుబదివేల దరికి పెరిగెను. అచ్చటి జనము పదునైదువేల వరకు. వారిలో అధికులు మగ్గముపై బ్రతుకువారు. మాకు వలదన్న సంఘమును మాపై మోపి, మేము భరింపలేని పన్ను విధించుట ఏ న్యాయమని వారు నిలదీసిరి. ఎన్నికైన కౌన్సిలర్లు, తమను ఎన్నుకొన్నవారి మాటకు విలువ లేని సభలో కూర్చుండనొల్లక, పదవులను త్యజించిరి. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున, ఆ జనములో అత్యధికులు ఇండ్లకు తాళములు వేసి, వృద్ధులను పిల్లలను వెంటబెట్టుకొని, ఊరి పొలిమేర వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని, ఎండకును వానకును ఓర్చి సుమారు పదునొకండు మాసములు నివసించిరి. గోపాలకృష్ణయ్యగారు చెరసాల పాలైరి; చివరకు జనము మరల ఇండ్లకు చేరిరి; పురపాలక సంఘము రద్దు కాలేదు. దానిని స్వాతంత్ర్యోద్యమ ఘట్టముగా మాత్రమే మనము పాఠ్యపుస్తకములలో చదివితిమి. నాకు మాత్రము అది మొదట ఒక పురపాలక ప్రశ్న. పన్ను కట్టువానికి, పన్ను వేయు సభకు నడుమ సంబంధమేమి యను ప్రశ్న. ఆ కౌన్సిలర్ల రాజీనామాలో, తాము కూర్చున్న ఆసనము తమది కాదు, తమను పంపినవారిది అను స్పృహ కలదు.

అదే కాలమున మదరాసు కార్పొరేషను అధ్యక్షుడుగా నుండిన సర్ పిట్టి త్యాగరాయ శెట్టిగారు, తెలుగు కుటుంబమున జన్మించినవారు, 1920లో థౌజండ్ లైట్స్ ప్రాంతపు కార్పొరేషను పాఠశాలలో బాలబాలికలకు మధ్యాహ్న భోజనము పెట్టించిరి. టంగుటూరి ప్రకాశముగారి ప్రజాజీవితము రాజమహేంద్రవర పురపాలక సంఘముననే మొదలై, ఆ సంఘపు ఛైర్మను పదవి మీదుగా సాగినది. నగరసభ సభ్యత్వము శాసనసభకు మెట్టు మాత్రమే యను నేటి భావన వారి నాటిది కాదు.

ఇక నేటి చట్టముల మాటకు వచ్చినచో, 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ, మూడు లక్షలు గాని అంతకు మించి గాని జనాభాగల పురపాలక సంఘములలో వార్డు కమిటీలు ఉండవలెనని 243-ఎస్ అధికరణమున శాసించెను. కమిటీ కూర్పును రాష్ట్రములకు వదలివేసెను. చిక్కంతయు అచ్చటనే వచ్చినది. 2020 అక్టోబరులో తెలంగాణ శాసనసభ హైదరాబాదు నగరపాలక సంస్థ చట్టమును సవరించి, ప్రతి డివిజనునకు యువకులకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖ పౌరులకు వేర్వేరుగా నాలుగు కమిటీలు, ఒక్కొక్కదానియందు ఇరువదియైదుగురు ఉండవలెనని నిర్ణయించెను. 150 డివిజనులకు లెక్కించిన పదునైదువేలమంది. ఉద్దేశము ఉదాత్తము. కాని ఈ సభ్యులు గల్లీవారు ఎన్నుకొన్నవారు కారు, నామనిర్దేశితులు. ఎవనిని ప్రశ్నింపవలెనో అతని అనుగ్రహముచేతనే ప్రశ్నించు పీఠము లభించినప్పుడు, ప్రశ్న నాలుక చివరనే ఆగిపోవును.

అన్యరాష్ట్రములు వేరు మార్గములు త్రొక్కినవి. కేరళ గ్రామములలో వార్డు సభ్యుడే గ్రామసభను మూడు మాసములకొకమారు పిలువవలెను. వరుసగా పిలువక విడిచినచో అతని పదవికే ముప్పు. మధ్యప్రదేశములో పురపాలక అధ్యక్షుని మధ్యలోనే తొలగించుటకు ఓటర్లకు హక్కు కల్పించిరి. 2001లో అనూప్‌పూర్ పట్టణమున ఖాళీ కుర్చీ, నిండు కుర్చీ గుర్తులతో ఓటింగు జరిపి ఒక అధ్యక్షురాలిని తొలగించిరి. ఈ రెండవ పద్ధతిపై నాకు మక్కువ లేదు. దానికి మొదట కౌన్సిలర్ల సంతకములు కావలసియుండుటచే, అది తరచుగా ఓటరు కోపమునకు గాక ప్రత్యర్థుల కుట్రకు ఆయుధమగును. మూడు మాసములకొకమారు కాలనీ పార్కులో చాప పరచి, అడిగినవారికి అడిగినట్లు జవాబు చెప్పు సభయే నాకు మేలుగా తోచును. 2023 జూనులో నగరమంతట వార్డు కార్యాలయములు తెరచి, వేర్వేరు శాఖల ఉద్యోగులను ఒక్క కప్పు క్రిందకు చేర్చిరి. ఆ కార్యాలయపు గోడపై ఒక నల్లబల్ల వ్రేలాడదీసి, కార్పొరేటరు వ్రాసిన లేఖల తేదీలను సుద్దముక్కతో వ్రాయించుటకు ఏ చట్టసవరణయు అక్కరలేదు.

కార్పొరేటరు స్థానములలో సగము మహిళలకు దక్కినవి. ఇది ఈ నగరము గర్వింపదగిన సంగతి. కాని పెక్కుచోట్ల ఫిర్యాదు వినువాడు, ఫోను ఎత్తువాడు, పని స్థలమున నిలుచువాడు ఎన్నికైన మహిళ కాదు, ఆమె భర్త. ఓటు ఆమె పేరున పడినది; జవాబుదారీతనము ఆమెదే. దానిని ఆమె చేతి నుండి గుంజుకొనుట ఓటరునకును అన్యాయము, ఆమెకును అన్యాయము.

మొన్న ఆదివారము బీరువా తెరచి, ఆ పాత కరపత్రమును తీసికొని అవ్వ అరుగు వద్దకు పోతిని. మోరీకి సగము దూరము వరకు మూత పడినది. మిగిలిన సగము బయలుగనే యున్నది. ఆ సగమును వేయించినది కార్పొరేటరా, జలమండలియా, ఎమ్మెల్యే నిధియా అని అడిగిన, గల్లీలో నలుగురు నాలుగు విధముల చెప్పిరి. కరపత్రములోని ఏడు వాగ్దానములను ఆమెకు చదివి వినిపించితిని. మూడవది మోరీ. అవ్వ కాగితమును చేతిలోనికి తీసికొని, అటునిటు త్రిప్పి, "సంతకం యాడున్నది?" అని అడిగెను. అడుగున చిన్న అక్షరములతో ప్రెస్సు పేరును, ప్రచురించినవాని పేరును కలవు. చట్టము కోరినది అంతవరకే. సంతకము లేదని చెప్పితిని.

"గట్లనైతే ఈపారి వచ్చినోనితోని పెట్టిచ్చుకోవాలె" అని, ఆమె ఆ కాగితమును నాలుగు మడతలు పెట్టి, ఆధారు కార్డు ఉంచుకొను సంచిలో వేసికొనెను.