పైసా అడగని సాఫ్ట్‌వేర్‌ను కాదనేదెవరు?

పూతలపట్టు బజారులో ఏ అంగడికి వెళ్లినా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ నడుస్తూనే ఉంటుంది. అంగడాయన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనుకు ఆధారం లినక్స్ కెర్నెల్. 1991లో హెల్సింకిలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన పని అది. దాని కోడ్‌ను ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచొచ్చు.

లెక్కల దగ్గరికొచ్చేసరికి మాత్రం చాలామందికి డబ్బు పెట్టి కొనే ట్యాలీయే కావాలి. ముంబయిలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్ ఓపెన్ సోర్సే, జీఎస్టీ బిల్లులూ వేస్తుంది, షేర్ల లావాదేవీలు చూసే జెరోధా దాన్ని వాడుతోంది కూడా. అయినా ఇక్కడ ఆడిటరు అడిగేది “ట్యాలీ బ్యాకప్ పంపండి” అనే. గుమాస్తా నేర్చుకున్నదీ అదే. తోతాపురి మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నప్పుడు బిల్లింగ్ ఆగిపోతే, ఎవరికి ఫోన్ చేస్తే మనిషి వస్తాడన్నదే యజమానికి ముఖ్యం. ఆ భయం న్యాయమైనదే.

ఆ భరోసానే అమ్మి బతికిన కంపెనీ రెడ్‌హ్యాట్. కోడ్ అందరిదీ, మరమ్మతుకూ సలహాకూ మాత్రం చందా. 2019లో ఐబీఎం దాన్ని 3,400 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

డబ్బు కట్టినంత మాత్రాన నిశ్చింత అనుకోవడానికీ లేదు. 2025 జులైలో, యూరోపియన్ యూనియన్ ఆంక్షల తర్వాత, గుజరాత్‌లో రిఫైనరీ ఉన్న నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకెక్కింది, కొద్దిరోజుల్లో అవి తిరిగొచ్చాయి.

ఓపెన్ సోర్స్‌కూ గండాలున్నాయి. ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రామును ఏళ్ల తరబడి దాదాపు ఒక్క మనిషే తీరిక వేళల్లో చూసుకుంటూ వచ్చాడు. సాయం చేస్తానంటూ చేరిన మరొకరు అందులో దొంగదారి పెట్టారు. 2024 మార్చిలో లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ ఆ దొంగదారిని పట్టుకున్నాడు. కోడ్ తెరిచి ఉండబట్టే మూలం దాకా వెళ్లగలిగాడు.

2001లో లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చింది మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్. 2018లో ఓపెన్ సోర్స్ కోడ్‌కు పెద్ద నిలయమైన గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొన్నదీ ఆ కంపెనీయే. అప్పటికి అధిపతి హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల.

ఇక మన డీటీపీ సెంటర్ల సంగతి. పెళ్లిపత్రికలు, కరపత్రాలు వేసే చాలాచోట్ల ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లే. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 2001 నాటిది, యూనికోడ్ దానికి తెలియదు. పాత అను ఫాంట్లలో కొట్టిన వాక్యాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే ‘శ్రీరస్తు’ బదులు ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి. వెతికితే దొరకదు, మార్చాలంటే కన్వర్టరు కావాలి. మన ఊళ్లలో ఉచిత సాఫ్ట్‌వేర్‌కు అసలు పోటీ కొన్న సాఫ్ట్‌వేర్ కాదు, దొంగ కాపీ. రెండింటికీ పైసా ఖర్చు లేనప్పుడు చేతికి అలవాటైనదే గెలుస్తుంది. పైగా పేజీలు కట్టే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ స్క్రైబస్‌లో మొన్నమొన్నటిదాకా తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగా కుదిరేవి కావు. ఆ రోజుల్లో ప్రెస్సువాళ్లు దాన్ని వద్దనుకోవడంలో తప్పేమీ లేదు.

ఇప్పుడు ఆ అడ్డు తొలగింది. 2024లో వచ్చిన స్క్రైబస్ 1.6 మన లిపిని కూర్చగలదు. అక్షరాలకూ కొరత లేదు. దేశికాచారి గారి పోతన, వేమన ఫాంట్లు ఎప్పట్నించో లినక్స్‌తోపాటు వస్తున్నాయి. సిలికానాంధ్ర పూనికతో వచ్చిన మండలి, గిడుగు, రామభద్ర, ధూర్జటి వంటివి స్వేచ్ఛా లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. వాటిని వ్యాపారానికీ వాడుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముహూర్తాలు లేని ఆషాఢంలో ప్రెస్సుల్లో పని పలచబడుతుంది. ఒక పాత పెళ్లిపత్రికను తీసి స్క్రైబస్‌లో మళ్లీ కూర్చి, పీడీఎఫ్ చేసి, తమ మెషిన్ మీదే ఒక కాపీ తీసి చూసుకోవడానికి అంతకన్నా మంచి నెల దొరకదు.