ట్రిగ్గర్ బరువా, వేలి నేర్పా?

పిస్టల్ పేలాలంటే ట్రిగ్గర్ మీద వేలు ఎంత బలం పెట్టాలో ఆ బలాన్ని ట్రిగ్గర్ పుల్ లేదా ట్రిగ్గర్ బరువు అంటారు. షూటింగ్ రేంజ్‌లలో దీన్ని గ్రాముల్లో లెక్కిస్తారు. అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య నియమాల ప్రకారం 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు ఇది కనీసం 500 గ్రాములు, 25 మీటర్ల పిస్టల్‌కు కనీసం 1,000 గ్రాములు ఉండాలి. గురి కుదరని కొత్త షూటర్ ముందుగా అనుమానించేది ఈ ట్రిగ్గర్‌నే. దాన్ని తేలిక చేయిస్తే స్కోరు పెరుగుతుందా, లేక ఆ శ్రద్ధను సాధన మీద పెట్టాలా అనే ప్రశ్నకు భౌతిక శాస్త్రం, నాడీ శాస్త్రం రెండూ స్పష్టమైన జవాబే ఇస్తున్నాయి: సాధన మీదే.

రెండు బరువులు, ఒకే వేలు

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో ఈ జవాబుకు కళ్లెదుటి ఉదాహరణ ఉంది. గచ్చిబౌలిలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఒక షూటింగ్ రేంజ్ ఉంది. 2003లో నగరంలో జరిగిన ఆఫ్రో-ఏషియన్ క్రీడల షూటింగ్ పోటీలకు వేదిక ఇదే. గచ్చిబౌలిలో సాధన చేసి పైకొచ్చిన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్. 2018లో తిరువనంతపురంలో జరిగిన జాతీయ పోటీల్లో, 13 ఏళ్ల వయసులోనే, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ సీనియర్ విభాగంలో స్వర్ణం గెలిచింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు సాధించింది. వాటిలో రెండు వ్యక్తిగత రజతాలు. ఒకటి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో, మరొకటి 25 మీటర్ల పిస్టల్‌లో వచ్చాయి.

ఈ రెండు పోటీల్లో కనీస ట్రిగ్గర్ బరువు ఒకదానికంటే మరొకదానిలో రెండింతలు. పిస్టల్ వేరు, దూరం వేరు, కాల్చే వేగం వేరు. అయినా ఒకే వేలు ఒకే క్రీడోత్సవంలో రెండింటిలోనూ పతకం తెచ్చింది. గెలుపును నిర్ణయించేది గ్రాముల సంఖ్య ఒక్కటే అయితే ఇది సాధ్యమయ్యేది కాదు.

ట్రిగ్గర్ లోపల జరిగేది

పిస్టల్‌లో స్ప్రింగు బిగువుతో నిలిచి ఉన్న సుత్తి లాంటి భాగాన్ని సియర్ అనే చిన్న కొక్కెం ఆపి ఉంచుతుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఆ కొక్కెం జారి సుత్తి విడుదలవుతుంది. పోటీ పిస్టళ్లలో చాలావాటికి రెండంచెల ట్రిగ్గర్ ఉంటుంది. మొదటి అంచెలో వేలు కొంత దూరం సులువుగా వెనక్కి కదిలి ఒకచోట ఆగుతుంది. అక్కడి నుంచి మరికొంత బలం చేర్చితే తూటా వెళ్లిపోతుంది. కొన్ని పిస్టళ్లలో ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఈ పని చేస్తుంది.

ఈ పిస్టళ్లలో సర్దుబాటు మరలను కంపెనీయే అమర్చి ఇస్తుంది. మొదటి అంచె బరువు, రెండో అంచె బరువు, ట్రిగ్గర్ కదిలే దూరం, విడుదల తర్వాత అది ఎక్కడ ఆగాలి, వేలికి ఎంత దగ్గరగా ఉండాలి అనేవి వాటితో మార్చుకోవచ్చు. పోటీలో ఈ బరువును తూచి చూస్తారు. బ్యారెల్‌ను నిట్టనిలువుగా పైకి పెట్టి, ట్రిగ్గర్‌కు నిర్ణీత బరువు తగిలించి, పిస్టల్‌ను మెల్లగా పైకెత్తుతారు. పిస్టల్ పేలకుండా ఆ బరువును మోయగలిగితేనే పరీక్ష నెగ్గినట్టు. అంటే ట్రిగ్గర్‌ను తేలిక చేయడానికి నియమమే ఒక హద్దు గీసింది. ఆ హద్దు అందరికీ ఒకటే కాబట్టి, దాన్ని చేరుకున్నాక మిగిలే తేడా అంతా షూటర్‌లోనే ఉంటుంది.

పావు మిల్లీమీటరు లెక్క

10 మీటర్ల ఎయిర్ పిస్టల్ లక్ష్యంలో పదో వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. ఎయిర్ పిస్టల్ గుండు అయిన పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ అంచు వలయం గీతను తాకినా పది పాయింట్లు ఇస్తారు. కాబట్టి పెల్లెట్ మధ్యభాగం లక్ష్య కేంద్రం నుంచి 8 మిల్లీమీటర్లలోపు పడాలి. పిస్టల్ మీద గురి చూసుకునే ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య దూరం 350 మిల్లీమీటర్లు అనుకుంటే, ఆ రెండింటి అమరిక 0.28 మిల్లీమీటర్లు పక్కకు జరిగేసరికి పెల్లెట్ పదో వలయం అంచుకు చేరుతుంది. అది ఇంచుమించు మూడు వెంట్రుకల మందం. అదే తేడా 1 మిల్లీమీటరు అయితే పెల్లెట్ కేంద్రానికి 28 మిల్లీమీటర్లకు పైగా దూరంలో పడి, ఏడు పాయింట్లే దక్కుతాయి.

వేలు ట్రిగ్గర్‌ను తిన్నగా వెనక్కి కాక కాస్త పక్కకు లాగితే ఈ అమరిక చెదిరిపోతుంది. వేలు 10 డిగ్రీలు పక్కకు లాగుతోందనుకుంటే, 1,000 గ్రాముల ట్రిగ్గర్ మీద పక్కకు పడే బలం సుమారు 174 గ్రాములు. ట్రిగ్గర్‌ను 500 గ్రాములకు తగ్గిస్తే అది 87 గ్రాములవుతుంది. మేలు జరిగిన మాట నిజమే. కానీ ట్రిగ్గర్‌ను 1,000 గ్రాముల దగ్గరే ఉంచి, సాధనతో వేలి వంకరను 3 డిగ్రీలకు తగ్గిస్తే పక్కకు పడే బలం 52 గ్రాములే. బరువును సగానికి దించినా రాని మేలు వేలిని సరిచేస్తే వచ్చింది. పైగా పిస్టల్ మారినా ఆ నేర్పు వేలిలోనే ఉంటుంది.

కన్ను, వేలు, కాలం

కంటికి కనిపించిన దానికి వేలు స్పందించడానికి మనిషికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. చాపిన చేయి ఎప్పుడూ పూర్తిగా నిశ్చలంగా ఉండదు. సెకనుకు 8 నుంచి 12 సార్లు కదిలే సన్నని వణుకు ప్రతి మనిషి కండరాల్లోనూ సహజంగా ఉంటుంది. దానికి గుండె కొట్టుకోవడం, ఊపిరి తోడవుతాయి. గుండె వేగాన్ని, వణుకును తగ్గించే బీటా బ్లాకర్ మందులను షూటింగ్ క్రీడలో ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ నిషేధించడానికి కారణం ఇదే.

సైట్లు సరిగ్గా కుదిరిన క్షణం చూసి ఠక్కున నొక్కుదామనుకుంటే, వేలు కదిలేసరికే ఆ క్షణం దాటిపోతుంది. పైగా ఆ హఠాత్తు కుదుపు పిస్టల్‌నే తిప్పేస్తుంది. అందుకే అనుభవజ్ఞులు చేయి లక్ష్యం కింద సన్నగా ఊగుతుండగానే మొదటి అంచె దాటి, సైట్ల అమరిక మీద చూపు నిలిపి, వేలి ఒత్తిడిని ఆగకుండా మెల్లగా పెంచుతారు. తూటా వెళ్లాక కూడా ఒకటి రెండు సెకన్లు అదే భంగిమలో నిలుస్తారు. దీన్ని ఫాలో త్రూ అంటారు. పెల్లెట్ బ్యారెల్ దాటేందుకు పట్టే కొన్ని మిల్లీసెకన్లలో చేయి సడలకుండా కాపాడేది ఈ అలవాటే.

25 మీటర్ల పోటీ వేగవంతమైన దశలో లక్ష్యం ఒక్కో గుండుకు 3 సెకన్లే కనిపిస్తుంది. కిందికి దించిన చేయి పైకి లేస్తుండగానే వేలు మొదటి అంచెను పూర్తిచేయాలి. ఆలోచించి చేసే పనికి ఇంత వేగం రాదు. మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు పాల్ ఫిట్స్, మైకేల్ పోస్నర్ 1967లో వివరించినట్టు, నైపుణ్యం మూడు దశల్లో కుదురుకుంటుంది. మొదట ప్రతి అడుగూ ఆలోచించి చేయడం, తర్వాత తప్పులు సరిదిద్దుకోవడం, చివరికి ఆలోచన అక్కరలేకుండానే జరిగిపోవడం. ట్రిగ్గర్ బరువు మార్చిన ప్రతిసారీ వేలు మొదటి దశ వైపు కొంత వెనక్కి వస్తుంది. తరచూ మరలు తిప్పే షూటర్ స్కోరు నిలకడగా ఉండకపోవడానికి ఇదొక కారణం.

సాధన ఎలా ఉండాలి

తూటా లేకుండా చేసే డ్రై ఫైరింగ్ ఈ క్రీడకు పునాది. పిస్టల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, బ్యారెల్‌ను సురక్షితమైన దిశలో ఉంచి, తెల్ల గోడ ఎదుట ట్రిగ్గర్ నొక్కుతారు. శబ్దం, అదురు, స్కోరు ఏవీ ఉండవు కాబట్టి ముందు సైట్ కదిలిందా లేదా అన్నదొక్కటే కంటికి తెలుస్తుంది. విడుదల క్షణంలో సైట్ ఎడమకో కిందికో తుళ్లితే, వేలు ఎక్కడ తప్పుతోందో అక్కడికక్కడే బయటపడుతుంది. స్కాట్ లాంటి ఎలక్ట్రానిక్ పరికరాలు గురి కదలిక జాడను తెరపై గీసి, చివరి క్షణాలను వేరే రంగులో చూపిస్తాయి. 25 మీటర్ల పోటీలో వాడే .22 పిస్టల్‌లో కోచ్ షూటర్‌కు తెలియకుండా అసలు తూటాల మధ్య డమ్మీ తూటా కలుపుతారు. డమ్మీ వచ్చినప్పుడు బ్యారెల్ మూతి కిందికి వంగితే, పేలుడును ముందే ఊహించి చేయి బిగుసుకుంటోందని అర్థం. ఈ లోపాన్ని ఏ మరా సరిచేయలేదు.

సాధనను రోజుల మీద పంచుకోవడం మేలు. పరిశోధకులు అలన్ బాడ్లీ, లాంగ్‌మన్ 1978లో బ్రిటన్ తపాలా ఉద్యోగులు కీబోర్డు నేర్చుకునే తీరును పరిశీలించారు. రోజుకు ఒక గంట చొప్పున నేర్చుకున్నవారికి, రోజుకు నాలుగు గంటలు కూర్చున్నవారికంటే మొత్తం మీద తక్కువ గంటల్లోనే పని పట్టుబడింది. హైటెక్ సిటీలో పనిచేస్తూ వారాంతంలోనే రేంజ్‌కు రాగలిగేవారికి ఇది పనికొచ్చే పాఠం. ఆదివారం ఒక్కరోజే వంద గుళ్లు కాల్చడం కన్నా, రోజూ ఇంట్లో పావుగంట డ్రై ఫైరింగ్ చేసి, ఆదివారం దాన్ని రేంజ్‌లో పరీక్షించుకోవడం ఎక్కువ ఫలితమిస్తుంది.

సర్దుబాటు ఎప్పుడు అవసరం

సాధనే ముఖ్యమంటే పిస్టల్ సంగతి అసలు పట్టించుకోనక్కర్లేదని అర్థం కాదు. టోక్యో ఒలింపిక్స్‌లో భారత షూటర్ మనూ భాకర్ పిస్టల్ పోటీ మధ్యలో మొరాయించి విలువైన నిమిషాలు తినేసింది. ట్రిగ్గర్ ప్రతిసారీ ఒకే చోట, ఒకే బలానికి విడుదల కావాలి. ఒకసారి 500, మరోసారి 600 గ్రాములకు పేలే ట్రిగ్గర్‌తో ఏ వేలూ నేర్చుకోలేదు. చూపుడు వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద తిన్నగా ఆనేలా దూరం సరిచేయించుకోవాలి. బరువును నియమం చెప్పిన కనీసానికి కొద్దిగా పైన ఉంచితే తనిఖీలో ఇబ్బంది రాదు. ఈ సర్దుబాటు ఒకసారి కోచ్ సమక్షంలో చేయించుకుని, ఆ తర్వాత దాన్ని ముట్టుకోకుండా సాధన సాగించాలి.

హద్దు మీరి తేలిక చేసిన ట్రిగ్గర్ ప్రమాదకరం. సియర్ అంచు అరిగినా, పట్టు తగ్గినా, చిన్న కుదుపుకే పిస్టల్ పేలవచ్చు. 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్ శక్తి 20 జూల్స్‌లోపు ఉంటే 2016 ఆయుధ నియమాల కింద లైసెన్సు అక్కర్లేదు. .22 పిస్టల్‌కు 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. తుపాకుల మరమ్మతు, మార్పు పనులు కూడా లైసెన్సు ఉన్నవారే చేయాలి.

కాబట్టి వరుస ఇలా ఉండాలి: ముందు పిస్టల్‌ను నియమానికి, చేతికి సరిపోయేలా ఒకసారి అమర్చుకోవడం, తర్వాత వేలిని తిన్నగా, మెల్లగా, ప్రతిసారీ ఒకేలా కదిలేలా తీర్చిదిద్దుకోవడం. మొదటిది ఒక పూటలో అయిపోతుంది. స్కోరును పెంచేది మాత్రం ఏళ్ల తరబడి సాగే రెండోదే.